బీరువా నిలబడే కప్పు

ఇంజనీరు కాగితం పరవగానే మరిది మొహం వెలిగిపోయింది. బొమ్మలో ఇంటి కప్పు చెక్కిన పెన్సిల్ మొనలా ఆకాశంలోకి పొడుచుకుపోయి ఉంది.

"వీధి మలుపు నుంచే కనబడుతుంది సార్," అన్నాడు ఇంజనీరు.

"అదీ, అలా ఉండాలి!" అని తొడ చరుచుకున్నాడు మరిది. లోపల ఎవరుంటారో ఇద్దరికీ గుర్తున్నట్టు లేదు.

కింది ఇల్లు మరిది కుటుంబానికి, కప్పు కింది అటక గది వదినకి అని ముందే అనుకున్నారు. అనుకున్నది మరిదే. ఆమె కాదనలేదు. భర్త పోయి ఏడు నెలలైంది. ఏ గదైనా ఫర్వాలేదు, ఆయన చేసిన బీరువా పడితే చాలంది. ఆయన వడ్రంగి. నలుగురి ఇళ్లకీ చేసి చేసి, సొంతానికి చేసుకున్నది ఆ ఒక్కటే. ఆరున్నర అడుగుల ఎత్తు.

ఆమె కళ్లద్దాలు పెట్టుకుని గది బొమ్మ చూసింది. పదహారడుగుల వెడల్పు. మంచం, బల్ల, బీరువా గోడవారగా బుద్ధిమంతుల్లా ఒదిగి ఉన్నాయి.

"బీరువా పెట్టినచోట కప్పు ఎంత ఎత్తు?"

"పదడుగులండీ."

"అది నడిమధ్య. నేనడిగింది ఇక్కడ." వేలు బీరువా మీదే ఉంచింది.

ఇంజనీరు చెవి గోక్కున్నాడు. పైనుంచి చూసి గీసిన బొమ్మలో ఎత్తు ఉండదు. ఆయన బుర్రలోనూ లేనట్టుంది. "అక్కడ... ఓ రెండున్నర అడుగులు."

"అయితే బీరువాని పడుకోబెడతారా?"

"కాళ్లు కోయించేస్తే సరి వదినా," అన్నాడు మరిది, ఉదారంగా.

"నాలుగడుగుల కాళ్లా దానికి? అది బీరువానా, కొంగా?"

"పోనీ, కొస గోడకి ఆనించుకోండమ్మా," అన్నాడు ఇంజనీరు.

"ఒక కొసకి కిటికీ, ఇంకో కొసకి మెట్లు. గీసింది మీరేగా?"

"అబ్బా, ఇంత గొడవెందుకు? పాతదేగా, అమ్మేద్దాం," అన్నాడు మరిది.

ఆమె కళ్లద్దాలు తీసి, మడిచి, పెట్టెలో పెట్టింది.

మర్నాడు పొద్దున్నే కడుతున్న ఇంటికి వెళ్లింది. కింది గదుల స్లాబు పడి, ఆరింది. "మేస్త్రీ, కాగితంలో ఉన్న కొలతకే ఈ స్లాబు మీద నాలుగు కర్రలు కట్టిపెడతావా? కప్పు ఏటవాలు ఎంతో అంతే," అంది. మేస్త్రీ బొమ్మకేసి, ఆమెకేసి చూసి, నవ్వాపుకుని కట్టాడు. కర్రల మీద దుప్పటి పరిచారు. మంచం గీసినచోట ఆమె చాప వేసింది.

పది గంటలకి మరిది, ఇంజనీరు వచ్చారు.

"మరిదిగారూ, ఇదే నా మంచం. ఒక్కసారి పడుకుని లేవండి."

ఎన్నడూ లేని ఆ 'గారు'కి అతను అనుమానంగా చూశాడు. కానీ మేస్త్రీ చూస్తున్నాడు, ఇంజనీరు చూస్తున్నాడు. వంగి, పాకి, చాప మీద వాలాడు. లేవబోయాడు. నుదురు కర్రకి ఠక్కున కొట్టుకుంది.

"అలవాటైపోతుందండీ," అన్నాడు ఇంజనీరు.

"దేనికి, బొప్పికా?"

మేస్త్రీ అటు తిరిగి దగ్గాడు. ఇంజనీరు చిన్న గొంతుతో మొదలెట్టాడు. "ఇంకో రకం ఉందనుకోండి. కప్పు కిందనుంచి ఇంచుమించు నిటారుగా ఏడడుగులు లేచి, అక్కడ విరిగి, పైకి వాలుగా పోతుంది. నడిమి ఎత్తు అదే పదడుగులు. కాకపోతే వీధిలోంచి చూస్తే..."

"బోర్లించిన తొట్టిలా ఉంటుంది," అన్నాడు మరిది, నుదురు రుద్దుకుంటూ. "చూసినవాళ్లు ఏమనుకుంటారు?"

"వీధివాళ్లు వచ్చి ఇందులో కాపురముంటారా? ఉంటామంటే చెప్పు, నీ పెన్సిల్ మొనే కట్టిద్దాం."

మరిది బొప్పి తడుముకున్నాడు. కానిమ్మని మేస్త్రీకి చెయ్యూపాడు.

మేస్త్రీ కర్రలు విప్పి, విరుపుతో మళ్లీ కట్టాడు. ఆమె లోపలికి నడిచింది. కొంగు దులుపుకుంది, వంగలేదు. అంచు నుంచి అడుగు లోపలగా, విరుపు కిందే నిలబడి, బీరువా పైచెక్క ఎక్కడిదాకా వస్తుందో అక్కడికి చేయెత్తి పట్టుకుంది. ఆ ఎత్తు ఆమె చేతికి తెలుసు. రోజూ తుడిచేది అదే చేత్తో. పైన దుప్పటికీ వేళ్లకీ మధ్య బెత్తెడు ఖాళీ ఉంది.

"కొత్త కాగితం తీయండి," అంది, ఇంజనీరుతో. "ఈసారి పక్కనుంచి గీయండి."

ఆయన గీశాడు. బీరువా పక్కన దాని ఎత్తు, దాని మీద కప్పు ఎత్తు అంకెల్లో రాసేదాకా ఆమె చెయ్యి దించలేదు.