పదిహేడుసార్లు మంచివాడు

నా గొంతు నేను వినడానికి నాకు దొరికిన తీరిక ఆదివారం పొద్దున చిక్కుడుకాయల ఈనెలు తీసే వేళ. ఒళ్లో చేట, ఎదురుగా పీట మీద లాప్‌టాప్, పక్కన ఫోను. రెండు కాయలు తుంచుతాను, రికార్డింగ్‌లో ఒక వాక్యం వింటాను, చెయ్యి చున్నీకి తుడుచుకుని ఆ వాక్యం టైపు చేస్తాను. మళ్లీ రెండు కాయలు. పీహెచ్‌డీలో చేరే ఆడవాళ్లకు సీటుతో పాటు మూడో చెయ్యి కూడా ఇవ్వాలని యూనివర్సిటీ వాళ్లకు ఎవరూ ఇంకా చెప్పినట్టు లేదు.

నాకు నలభై ఒకటి. సంగారెడ్డిలో ఒక ప్రైవేటు స్కూల్లో పదేళ్లు పాఠాలు చెప్పాను. అక్కడ మీటింగంటే సార్లు మాట్లాడటం, మేం చాయ్ అందించడం. ఆ పదేళ్లలోనే దూరవిద్యలో సైకాలజీ ఎమ్మే చేసి, ఆ ఉద్యోగానికో నమస్కారం పెట్టి, నిరుడు రుద్రారం యూనివర్సిటీలో కౌన్సెలింగ్ సైకాలజీ పీహెచ్‌డీకి చేరాను. ఏడాదంతా కోర్సువర్క్. పరిశోధన పద్ధతులు, లెక్కల పేపరు, వృత్తి నీతి, వీటన్నిటితో పాటు వారం వారం ప్రాక్టీసు.

ప్రాక్టీసులో మమ్మల్ని ముగ్గురేసి కూర్చోబెడతారు. ఒకరు కౌన్సెలరు, ఒకరు క్లయింటు, ఒకరు గమనించేవాళ్లు. క్లయింటు కుర్చీలో కూర్చున్నవాళ్లు కల్పించి చెప్పకూడదు, తమ సొంత సంగతే చెప్పాలి. కౌన్సెలరుగా నేను బాగానే చేశాను. ఇతరుల గోడు వినడం నాకు కొత్తేం కాదు. క్లయింటు వంతు వచ్చేసరికి మాత్రం "నాకేం సమస్యల్లేవు మేడం" అన్నాను. మా గైడు వెంకటలక్ష్మి మేడం తల కూడా ఎత్తలేదు. "అయితే త్వరగా అయిపోతుంది. కూర్చోండి."

నాకు కౌన్సెలరుగా కూర్చుంది అరీబా. నాతోటి విద్యార్థే, ఇరవై ఆరేళ్లు. మాట్లాడకుండా ఉండటం ఆ పిల్లకు ఎవరు నేర్పారో కానీ ఎదుటివాళ్లు ఆ నిశ్శబ్దానికి భయపడి అన్నీ చెప్పేస్తారు.

ఆ అరగంట రికార్డింగే ఇది. మేడం పెట్టిన నియమం ప్రకారం దీన్ని క్లయింటే టైపు చెయ్యాలి. ప్రతి "ఊఁ", ప్రతి నవ్వు, ఆగిన ప్రతిచోటు, ఉన్నది ఉన్నట్టు. ఆ పైన పక్క గడిలో, ఆ మాట అన్నప్పుడు మనసులో ఏముందో రాయాలి. శుక్రవారానికి ఇవ్వాలి. దాంతో పాటు ఇంకో కాగితం కూడా. ఆ పై సోమవారం నుంచి ఆర్నెల్లు, వారానికి మూడు రోజులు, పటాన్‌చెరులో ఫ్యాక్టరీ ఆడవాళ్ల ఆరోగ్య కేంద్రంలో శిక్షణకు వస్తానని నా సంతకం. ఆ సంతకం లేకపోతే నా చదువు అక్కడితో ఆగినట్టే.

దాని గురించి మా ఆయన రాజశేఖర్ తన అభిప్రాయం ముందే చెప్పాడు. బొల్లారంలో మందుల ఫ్యాక్టరీలో షిఫ్ట్ ఇన్‌చార్జి. డ్యూటీ నుంచి వచ్చి షూ విప్పుతూ, చాలా నెమ్మదిగా అన్నాడు. "కోర్సువర్క్ అయిపోయింది గద. పరీక్షలు గూడ రాసినవ్. ఇగ చాలు తియ్యి. మూడు రోజులు నువ్వు పటాన్‌చెరు పోతే ఇంట్ల ఎవలు సూడాలె?"

ఫోనులో నా గొంతు చెబుతోంది: "నాకేం తక్కువ లేదు అరీబా. మా ఆయన మంచోడే. పరీక్ష రోజే వాళ్ల మేనత్తోళ్లను తినేటందుకు పిలిచిండు. యాద్ లేదు పాపం. తొమ్మిది మందికి వండిపెట్టి బస్సెక్కిన. ఇరవై నిమిషాలు లేటయింది. గని మంచోడే."

అరీబా ఏమీ అనలేదు. కాసేపటికి నేనే, "నీకు మంచినీళ్లు కావాల్నా?" అని అడుగుతున్నాను. క్లయింటు కుర్చీలో కూర్చుని కూడా మర్యాదలు చేస్తున్నాను.

"దోస్తులొస్తే, మా ఆమెది టైంపాస్ సదువు అంటడు. జోకే. మనిషి మంచోడు."

"మంచోడే" అన్న మాట నాలుగోసారి వచ్చినప్పుడు దాన్ని నా గొంతు కంటే ముందే నా వేళ్లు టైపు చేసేశాయి. అనుమానం వచ్చింది. మళ్లీ మొదటి నుంచి పెట్టి, ఆ మాట వచ్చినప్పుడల్లా ఒక చిక్కుడుకాయ తీసి పక్కన పెట్టాను. అరగంట అయ్యేసరికి పదిహేడు కాయలు.

అబద్ధమేం కాదు. తాగడు, చెయ్యెత్తడు, వాళ్లమ్మ మాత్రలు మర్చిపోకుండా తెస్తాడు. నేను చేరతానంటే వద్దనలేదు. "నా భార్యను నేనే సదివిపిస్తున్న" అని ఫ్యాక్టరీలో అందరికీ చెప్పుకున్నాడు కూడా. కానీ ఆ పదిహేడు చోట్లా మాట రాకముందు ఏముందో పక్క గడిలో రాయబోతే ప్రతిసారీ ఒకటే వచ్చింది. కోపం. బస్సులో నిలబడి చేతికంటిన పసుపు చూసుకుంటూ పరీక్షకు పోయినప్పుడు కోపం. ఆయన దోస్తులు నవ్వినప్పుడు కోపం. అది నోటిదాకా వచ్చే లోపే "మంచోడే" అని నా మీద నేనే మూత పెట్టేసుకున్నాను. ఆయన్ని మెచ్చుకున్నానని ఇన్నాళ్లూ అనుకున్నాను. నిజానికి నా నోరు నేనే మూయించుకున్నాను. ఆ సంగతి తెలిశాక, నిజం చెప్పొద్దూ, ఆ పిచ్చిదాని మీద, అంటే నా మీదే, నాకు చాలా జాలేసింది.

కుక్కర్ కూతలు వినాలని ఇయర్‌ఫోన్స్ తీసేసి రికార్డింగ్ మళ్లీ మొదటి నుంచి గట్టిగానే పెట్టాను. అత్తమ్మ రాధమ్మ వచ్చి ఎదురుగా కూర్చుని కాయలు అందుకుంది. అప్పుడే రాజశేఖర్ రెండో చాయ్‌కని వచ్చాడు.

"మా ఆయన మంచోడే" అంది ఫోను.

ఆయన గుమ్మంలోనే ఆగిపోయాడు. ముఖం వెలిగింది. "ఎవలకు చెప్తున్నవ్ నా గురించి?"

"క్లాసుల. టైపు చెయ్యాలె."

ఆ మాట రెండోసారి వచ్చినప్పుడు కూడా ఆయన నవ్వుతూనే ఉన్నాడు. మూడోసారికి గోడకు ఆనుకున్నాడు. ఆ మాటలకు ముందూ వెనకా ఉన్నవి కూడా ఇప్పుడు ఆయన చెవిన పడుతున్నాయి. మేనత్త వాళ్ల భోజనం సంగతి విన్న అత్తమ్మ చేతిలోని కాయ తుంచుతూ, ఎవరినీ చూడకుండా అంది. "మంచోడే గని, పరీక్ష నాడు సుట్టాలను పిల్వకపోతే ఏం పోతుండె?"

ఆయన "ఆపు" అన్నాడు. ఆపాను.

"నేను గంత చెడ్డోన్నా?"

"చెడ్డోళ్లని నేనన్లేదు. మంచోళ్లని పదిహేడుసార్లు అన్న."

"మరింకేంది?"

ఎదుటివాళ్లు మాట వెతుక్కుంటుంటే తొందరపెట్టకూడదని మాకు నేర్పారు. ఈసారి నన్ను నేను తొందరపెట్టుకోలేదు. కుక్కర్ ఒక కూత కూసింది. ఆ తర్వాత చెప్పాను.

"మీరు మంచోళ్లయితెనే నేను సదువుకోవాల్నా? మీ మనసు మంచిగున్న నాడు పుస్తకం తియ్యాలె, లేని నాడు ముయ్యాలె, గట్ల నాకొద్దు. పై సోమవారం నుంచి నేను పటాన్‌చెరు పోత. బుధవారం, శుక్రవారం గూడ. ఆర్నెల్లు."

తుంచిన కాయ చేటలో వేశాను.

గోడకు ఆనుకున్నవాడల్లా ఆయన నిటారుగా నిలబడ్డాడు. తర్వాత, ఇంకో దారి దొరికినట్టు అన్నాడు. "ఆ సోమవారమే అమ్మను షుగర్ పరీక్షకు తోల్కపోవాలె గద."

"ఔ. పొద్దుగాల ఏడింటికి. ఏం తినకుంట పోవాలె."

"నాకు డ్యూటీ ఉంటది."

"షిఫ్ట్ మార్చుకోండ్రి. ఇన్‌చార్జి మీరే గద."

ఆయన వాళ్లమ్మ వైపు చూశాడు. ఆమె తల ఎత్తలేదు. "ఎవలు తోల్కపోయినా నాకొక్కటే. సూది గుచ్చేది నాకే" అంది.

లాప్‌టాప్ నా వైపు తిప్పుకుని ఆపిన చోటు నుంచి మళ్లీ టైపు మొదలుపెట్టాను. ఆయన వంటింట్లోకి వెళ్లాడు. చాయ్ తానే పోసుకున్న చప్పుడు వినిపించింది. గ్లాసు పట్టుకుని గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"అమ్మ షుగర్ ఫైలు యాడుంటది?"

నేను లేవలేదు. కూర్చున్న చోటి నుంచే చెప్పాను.