ఉండవల్లిలో పడ్డ ముడి

ఏలూరు పెద్దబజారులో తివాచీలు అమ్మే వీరవెంకటరమణ గారికి కొట్టే కైలాసం. కాకి కూయకముందే తలుపులు తీసేవారు, దీపాలు పెట్టాక గానీ ఇల్లు చేరేవారు కాదు. ఆయన భార్య పరమేశ్వరికి పెళ్ళైన కొత్తలో ఒకే ఒక్క కోరిక ఉండేది. ఆ ఇంట్లో కొత్త దంపతులు ఉండవల్లి గుహలకు వెళ్ళి, కొండలో పవళించిన అనంతపద్మనాభుడి ఎదుట కొంగుముడి వేయించుకోవడం ఆనవాయితీ. వీళ్ళ పెళ్ళైన వారానికే మామగారు పోయారు. ఏడాదంతా సూతకం, ఆపైన కొట్టు. "వచ్చే నెల చూద్దాంలేవే" అంటూండగానే ఆయన జుట్టు నెరిసింది. ఆ వచ్చే నెల మాత్రం రానేలేదు.

ఇన్నాళ్ళకు కొడుకు గోపాలకృష్ణకు పెళ్ళైంది. ముడి వేయించడానికి తల్లిదండ్రులు దగ్గరుండాలి కనుక ఆయనగారికి కొట్టు మూయక తప్పలేదు. రైల్లో ఆడవాళ్ళ పెట్టెలో పులిహోర మూట ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న పరమేశ్వరికి ఊరికే నవ్వొస్తోంది. నాకూ ఓ ముడి వేయించండి అని ఆయన్ని అడగాలనుంది. ఈ వయసులో అడిగితే నలుగురూ నవ్వరూ? పక్కనే కొత్తకోడలు బాలసరస్వతి ఉందాయె. పరమేశ్వరి ఆ మాట మింగేసి బెజవాడలో దిగింది, కృష్ణ దాటడానికి పడవ ఎక్కింది.

గుహలో మూడో అంతస్తు వసారాలో రాతి మునులు వరసగా కూర్చుని ఉన్నారు. "ఈయన అచ్చం మా మేనమామేనండీ!" అని కోడలు మొగుడి చెవిలో ఊది పకపకా నవ్వింది. ఆ మేనమామ దగ్గరే పిల్లలిద్దరూ ఆగిపోయారు. పెద్దవాళ్ళు లోపలికి నడిచారు.

చీకట్లో ఒక్క దీపం. ఆ వెలుగులో స్వామి ఎంతకీ తరగని పొడవున పడుకుని ఉన్నాడు. రమణ గారు బారలు చాచి కొలిచారు.

"ఏమే, ఈయన కింద పరవడానికి మన కొట్లో ఏ తివాచీ చాలదే!"

"యుగాల తరబడి పడుకున్నా ఆయన లోకం ఆగిపోలేదు చూశారా? మీరు ఒక్కపూట కొట్టు మూస్తే ఏలూరు మునిగిపోతుందాండీ?"

ఆయన ముసిముసిగా నవ్వారు. ఇంతలో చూపు ఆనని ముసలి పూజారి తడుముకుంటూ వచ్చాడు.

"దంపతులు ఇలా రండి నాయనా."

మేం కాదండీ, పిల్లలు బయటున్నారు అన్న మాట పరమేశ్వరి నాలుక చివరిదాకా వచ్చింది. గబుక్కున పెదవులు బిగించేసింది. ఆయనేమో స్వామి కిరీటం వంక చూస్తూ నిలబడ్డారు. పూజారి ఈవిడ కొంగూ ఆయన కండువా అంచూ కలిపి గట్టిగా ముడేశాడు. పరమేశ్వరికి ఒళ్ళు ఝల్లుమంది.

పిల్లలొచ్చి చూసి నోళ్ళు వెళ్ళబెట్టారు. సంగతి తెలిసి పూజారి లెంపలేసుకున్నాడు. "స్వామి ఎదుట పడ్డ ముడి, ఇంటి గడప దాటేదాకా విప్పకూడదండీ" అని చెప్పి, పిల్లలకూ మరో ముడేశాడు.

ఇక చూడాలి వాళ్ళ అవస్థ! పడవలో ఆయన చటుక్కున లేస్తే ఈవిడ ఎగిరి ఆయన మీద పడింది. బెజవాడ స్టేషన్లో అలవాటుగా ఆవిడ ఆడవాళ్ళ పెట్టెకేసి నడిస్తే, ఆయన కండువా జారి ఆవిడ వెంటే పోయింది. చివరికి రెండు జంటలూ ఒకే పెట్టెలో ఇరుక్కుని కూర్చున్నాయి. రైల్లో మొగుడి పక్కన కూర్చోవడం పరమేశ్వరికి ఇదే మొదలు. ఎదుటి బల్లమీద మిషన్ స్కూలు టీచరమ్మ లిడియా రెండు ముళ్ళనూ మార్చి మార్చి చూసింది.

"ఏవండీ, ఇందులో పెళ్ళివారెవరండీ?"

కోడలు కొంగు నోట్లో కుక్కుకుంది. రమణ గారి చెవులు ఎర్రబడ్డాయి. పరమేశ్వరికి నవ్వాగింది. ఏలూరులో ఆయన్ని ఎరగనివాడు లేడు. ఈ వేషంలో ఆయన బజారున నడుస్తారా? స్టేషన్ దాటకుండానే విప్పేస్తారు. ఆయన నోట ఆ మాట వినడం కంటే తానే విప్పేస్తే నయం.

ఏలూరులో దిగాక ముడిమీద వేళ్ళు వేసింది. ఆయన ఆ చెయ్యి పట్టుకున్నారు.

"ఉండవే. గడప దాటేదాకా అన్నాడుగా."

"జట్కా పిలవనా నాన్నగారూ?"

"మీరిద్దరూ జట్కాలో పోయి హారతి పళ్ళెం సిద్ధం చెయ్యండి. మేం నడిచొస్తాం."

సందెవేళ, నిండు పెద్దబజారు. ఆయన తన కొట్టు మీదుగానే నడిపించారు. అరుగుమీద ఉన్న గుమస్తా వీరాస్వామి కంగారుగా లేచాడు.

"ఇదేమిటండీ అయ్యగారూ?"

"కనపడట్లేదుటయ్యా? ఊరేగింపు!"

బజారంతా గొల్లుమంది. పరమేశ్వరి తలొంచుకుని నవ్వీ నవ్వీ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఇంటి మలుపులో ఇక దాచలేకపోయింది.

"ఏవండీ, పూజారి పొరబడ్డాడని నాకు అప్పుడే తెలుసండీ. తెలిసే నోరు మూసుకున్నాను."

ఆయన కండువా సర్దుకున్నారు.

"నేనూ అంతేనే."

గుమ్మంలో కోడలు హారతి పళ్ళెంతో నిలబడి ఉంది.