మలుపుల కాడ గరగర

జీపు ఇరుసులోని పెద్ద పళ్లచక్రం, క్రౌను, పళ్లకు నూనెలో కలిపిన సింధూరం పూసి, ఖుద్దూస్ చేత్తో మెల్లగా తిప్పాడు. దాన్ని తిప్పే చిన్న పళ్లచక్రం, పినియన్, ఆనిన చోట ఎరుపు చెరిగింది. ఆ మచ్చ పంటికి సరిగ్గా నడుమ పడితేనే బండి నిశ్శబ్దంగా నడుస్తుంది. ముప్పై ఏళ్లుగా నకిరేకల్ రోడ్డు మీద ఆ పనిలో అతన్ని మించినవాడు లేడు. అయితే ఏం లాభం! బళ్లన్నీ ఎదురుగా ఉన్న షరీఫ్ షెడ్డుకే పోతున్నాయి.

షరీఫ్ ఇతని దగ్గర పని నేర్చినవాడే. ఇప్పుడు, తొంభైనాలుగులో, మేళ్లచెరువు రాతిగనుల జీపులకు, నాలుగు చక్రాలూ లాగేవాటికి, ఇరుసు నడుమ రెండు చక్రాలకూ బలం పంచే డిఫరెన్షియల్‌లో కొత్తరకం వేస్తున్నాడు. మామూలు దానితో ఒక చక్రం బురదలో ఉత్తగా తిరిగితే రెండోది కదలనే కదలదు. కొత్తదానిలో ప్లేట్లు ఒకదాన్నొకటి పట్టుకుని, గట్టి నేల మీది చక్రానికీ బలం పంపుతాయి. ఆ మాట చెవిన పడితే చాలు, ఖుద్దూస్‌కు కడుపు మండిపోయేది.

"పొద్దుగాల లేస్తే షరీఫ్, పండుకుంటే షరీఫ్. ఆయన పేరు తియ్యకుంటే నీకు బువ్వ దిగదా?" అని భార్య జాహేదా ఆ ఉదయమే దెప్పింది.

పదకొండింటికి గని మేస్త్రీ కృష్ణయ్య జీపు తెచ్చాడు. "మలుపుల కాడ వెనక గరగర అంటాంది. ఇగ అన్నీ నీ కాడికే తీస్కపొమ్మన్నడు సేటు."

ఎందుకని ఖుద్దూస్ అడగలేదు. సంబరంగా వెనక ఇరుసు విప్పి తప్పు కోసం వెతికాడు. ఒక్కటీ దొరకలేదు. ఎంత ముచ్చటగా కూర్చాడు, దొంగ! నూనె మాత్రం మామూలు గేరునూనె. ప్లేట్లకు వేరే నూనె పోయాలని షరీఫ్ డ్రైవర్లకు అరిచి చెప్పడం రోడ్డు ఇవతలికి నూరుసార్లు వినబడింది.

"మొన్న మావోడే నూనె పోసిండు. గందుకేనా?" అన్నాడు కృష్ణయ్య.

"నూనె కాదు. పనే ఖరాబు. గీ ప్లేట్లు తీసేసి మామూలుదే ఎక్కిస్త."

"అరే! షరీఫ్ గింత మోసం జేసిండా?"

ఖుద్దూస్ కాదనలేదు. చాలా రోజులకు అతని కడుపు చల్లబడింది. నాలుగింటికల్లా మామూలుది ఎక్కించుకుని జీపు వెళ్లిపోయింది.

కాసేపటికి షరీఫ్ రోడ్డు దాటి వచ్చాడు. చేతిలోని నూనె డబ్బాను బల్ల మీద పెట్టాడు.

"భాయ్, చౌటుప్పల్ల ఫ్యాక్టరీ నౌకరి దొరికింది. సామాను లారీకెక్కించిన, గిప్పుడే పోతున్న. గని సేటుకు నీ పేరు చెప్పిన. నా పని ఇంకొకల చేతిల పెట్టొద్దన్న."

ఖుద్దూస్ విప్పిన ప్లేట్లను కాలితో బల్ల కిందికి నెట్టాడు.

"వాళ్ల డ్రైవర్లు తప్పు నూనె పోస్తరు. గరగర అంటే ఇది పొయ్యి, సాలు. జీపు వచ్చిందా?"

"వచ్చి పోయింది."

"మంచిగ నడుస్తాందా?"

చెప్పేద్దామని నోరు తెరిచాడు ఖుద్దూస్. సిగ్గుతో తల మాత్రం ఊపాడు. షరీఫ్ అతన్ని అలాయ్ బలాయ్‌కి దగ్గరకు తీసుకుని, వీపు తట్టి, లారీ ఎక్కాడు.

లారీ హైదరాబాదు వైపు కనుమరుగయ్యేదాకా ఖుద్దూస్ గుమ్మంలోనే నిలబడ్డాడు. లోపల బల్ల మీద సీలు విప్పని నూనె డబ్బా ఉంది, దాని మీద షరీఫ్ సుద్దతో రాసిన 'ఖుద్దూస్ భాయ్' అనే పేరు.