పెట్కో గుండె మీద నడిచిన కారు

మొదట్లో గావ్రిల దగ్గర ఉన్నవి రెండు మూటల బొచ్చు చెప్పులు, ఒక మడత బల్ల, ఒక టార్పాలిన్, ఒక చిన్న కారు కొనడానికి సరిపోయేంత పొదుపు. ఆ కారును తన పేరు మీద రాయించుకోవడానికి మాత్రం అది చాలదు. మిగతా కథంతా ఆ తేడాలోంచి పుట్టిందే.

రుమేనియాలో డాన్యూబ్ ఒడ్డున ఉన్న జూర్జు పట్టణం చుట్టుపక్కల వారపు సంతల్లో అతను చెప్పులు అమ్మేవాడు. చలికాలం ఇంట్లో తొడుక్కునేవి, లోపల గొర్రె బొచ్చు, పైన ముదురు రంగు గుడ్డ. సరుకు మంచిదే, దాన్ని సంతకు చేర్చడమే కష్టం. బస్సు డ్రైవరు ఒక్కో మూటకూ ఒక్కో మనిషి టికెట్టు కొట్టేవాడు. "నీ మూటలు సీట్లో కూర్చున్నాయి, నా తప్పా?" అనేవాడు. ఒక ఏడాది చివర లెక్క చూసుకుంటే తన చెప్పుల మీద తనకంటే బస్సువాళ్లకే ఎక్కువ మిగిలిందని తేలింది. కారు కొనాలని ఆ రోజే నిశ్చయించుకున్నాడు.

జర్మనీ నుంచి తెచ్చిన వంకాయ రంగు చిన్న కారు ఒకటి దొరికింది. ఒక ముసలావిడ దాన్ని ఆదివారం చర్చికి తప్ప బయటికి తీయలేదని అమ్మినవాడు చెప్పాడు. పాత కార్లు అమ్మేవాళ్లందరూ ఆ ముసలావిడనే చెబుతారు కాబట్టి గావ్రిల ఆ మాట వదిలేసి, కింద పడుకుని తుప్పు ఎంతుందో చూసుకుని, ధర తగ్గించి కొన్నాడు. చిక్కు పన్ను దగ్గర వచ్చింది. ఆ రోజుల్లో బయటినుంచి తెచ్చిన పాత కారును రుమేనియాలో సొంత పేరు మీద రాయించుకోవాలంటే కారు ధరలో సగం దాకా కట్టాలి. డాన్యూబ్ వంతెన దాటి బల్గేరియాలో రాయిస్తే దాదాపు ఏమీ లేదు. కాకపోతే అక్కడి మనిషి పేరు మీద రాయించి, నడుపుకోవడానికి అతని చేత అధికార పత్రం రాయించుకోవాలి. సంతలో సగం మంది అదే పని చేశారు. గావ్రిల కూడా చేశాడు.

కాగితం మీద యజమాని అయినవాడి పేరు పెట్కో స్తోయ్కోవ్ పెట్కోవ్. అరవై దాటినవాడు, తెల్ల మీసం, కాళ్లకు రబ్బరు బూట్లు. వంతెన అవతల రూసె నగరంలో, నోటరీ గదిలో రెండు సంతకాలు పెట్టి, తన రుసుము జేబులో వేసుకున్నాడు.

"కారు నాది, పెట్రోలు నీది," అన్నాడు వచ్చీరాని రుమేనియన్‌లో. "నాదే లాభం తమ్ముడూ."

రెండేళ్లు కారు బాగా నడిచింది. గావ్రిల వెనక సీటు పీకేశాడు. పెట్టెలు పారేసి, కుడి చెప్పులో ఎడమ చెప్పు దూర్చి సర్దితే నాలుగు మూటల సరుకు పట్టేది. స్టెప్నీ ఉండాల్సిన గుంటలో గ్యాస్ సిలిండరు పెట్టించాడు, స్టెప్నీ చెప్పుల మీద పడుకునేది. హీటరు డ్రైవరు వైపే వేడెక్కేది. భార్య స్మరాంద పక్క సీట్లో ఒళ్లో మడత బల్ల పెట్టుకుని, అమ్మే చెప్పుల్లోనే కాళ్లు దూర్చుకుని కూర్చునేది.

"పెట్కో దొరగారి కారులో నా కాళ్లు గడ్డ కట్టుకుపోతున్నాయయ్యా," అనేది.

"దొరగారికి కబురు పెట్టనా?"

"పెట్టు. హీటరు బాగు చేయించమను. ఓనరు ఆయనే కదా."

ఆ వేళాకోళం తుదోర్ సంగతి తెలిసిన రోజుతో ఆగిపోయింది. తుదోర్ సంతలో వాళ్ల పక్కనే ఎనామెల్ గిన్నెలు అమ్మేవాడు. అతనిదీ అలాంటి కారే. సెప్టెంబరులో ఒక రోజు గిన్నెలన్నీ గుర్రపు బండిలో వేసుకుని వచ్చాడు.

"కారేదిరా?" అన్నాడు గావ్రిల.

"చచ్చిపోయింది."

"ఇంజనా?"

"ఇంజను కాదన్నా, మనిషి. కాగితం మీద ఓనరు పోయాడు. వాడు పోతే వాడిచ్చిన పత్రం కూడా వాడితోనే పోతుందట. రోడ్డు మీద పోలీసు ఆపి, ఇది ఎవరి కారంటే ఏం చెప్పను? ఇప్పుడది వాడి పిల్లలది. మాకు కారుందని మాకే తెలీదన్నారు, తెలిశాక ఇవ్వమంటున్నారు." తుదోర్ ఒక గిన్నె తీసి చొక్కా అంచుతో తుడిచాడు. "నీ వాడు ఎలా ఉన్నాడు?"

పెట్కోను గావ్రిల చూసింది ఒక్కసారే. ఆ ఒక్కసారిలోనూ దగ్గాడా, సిగరెట్టు తాగాడా, మెట్లెక్కితే ఆయాసపడ్డాడా అన్నది గుర్తు లేదు. తుప్పు కోసం కారు కింద దూరి చూసినవాడు, ఆ కారు ఎవరి ఊపిరి మీద నడవబోతోందో ఆ మనిషిని పైనుంచి కూడా సరిగ్గా చూడలేదు.

మర్నాడు ఒక్కడే వంతెన దాటాడు. పత్రంలో ఉన్న ఊరు రూసెకి అవతల, ద్రాక్ష తోటల మధ్య. వీధి వెతుక్కుంటూ వెళ్లి ఆ ఇంటి ముందు కారాపాడు, ఇంజను ఆపలేదు.

గేటు మీద నల్ల అంచు కాగితం అతికించి ఉంది. ఆ ఒడ్డున చనిపోయినవాళ్ల కోసం అతికించే కాగితం అది. మధ్యలో ఫొటో: తెల్ల మీసం, లోతు కళ్లు. కింద పేరు. వాళ్ల లిపి గావ్రిలకు రాదు గాని, ఆ పేరు మాత్రం కారు కాగితంలో చూసి చూసి అక్షరాల ఆకారం కంఠతా వచ్చింది. మొదటి మాట, రెండో మాట, మూడో మాట. అన్నీ సరిపోయాయి. పేరు పైన పెద్దగా 40 అని అంకె, దాని పక్కన అతనికి తెలియని మాట.

నలభై రోజులు. రెండు ఒడ్డుల్లోనూ నలభయ్యో రోజు ప్రార్థన చేయించి గోధుమలు పంచుతారు. అంటే నలభై రోజులుగా తను చచ్చిపోయినవాడి కారు నడుపుతున్నాడు. అన్ని సంతలు, అన్ని చెక్‌పోస్టులు! అతను గేటు తట్టలేదు. కొడుకో కూతురో బయటికొచ్చి నంబరు ప్లేటు చూస్తే చాలు, అయిపోయినట్టే. కారు వెనక్కి తిప్పాడు.

వంతెన దగ్గర తనిఖీ గది ముందు వరస నత్తనడక నడుస్తోంది. ముందున్న లారీ కదిలితే భయం, కదలకపోతే భయం. తన వంతు వచ్చాక అద్దం దించి పత్రం అందించాడు. ఆఫీసరు కుర్రవాడు, కాగితం చూశాడు.

"కారు నీది కాదే?"

"స్నేహితుడిది."

"మరి స్నేహితుడేడీ?"

"ఇంట్లో ఉన్నాడు సార్. విశ్రాంతి తీసుకుంటున్నాడు."

"అదృష్టవంతుడు," అని ఆఫీసరు కాగితం తిరిగిచ్చాడు.

ఇంటికొచ్చి కారును షెడ్డులో పెట్టి, దాని మీద టార్పాలిన్ కప్పి, అప్పుడు స్మరాందకు చెప్పాడు. ఆమె సిలువ గుర్తు వేసుకుంది. తర్వాత అడిగింది: "వాళ్లింట్లో ఏమన్నావు?"

"లోపలికి వెళ్లలేదు."

"చావు జరిగిన ఇంటి గుమ్మం దాకా వెళ్లి, మాటైనా మాట్లాడకుండా తిరిగొచ్చావా?"

"కారు లాక్కుంటారే!"

"రెండేళ్లు ఆయన పేరు మీద తిన్నాం. లాక్కుంటే లాక్కోనీ, ముందు ఆ పెద్దాయనకి గోధుమలు వండాలి. నువ్వు రాకపోతే నేను బస్సెక్కి పోతా."

బస్సు అనే మాట గావ్రిలకు నచ్చలేదు. పైగా ఒక ఆలోచన కూడా తట్టింది: ఎలాగూ వారసులతో బేరం తప్పదు, చేత్తో ఏదైనా పట్టుకెళ్తే బేరం మెత్తగా మొదలవుతుంది. స్మరాంద గోధుమలు ఉడికించి, పంచదార, అక్రోటు పొడి కలిపి, పైన చక్కెర పొడితో సిలువ దిద్దింది. ఆ పళ్లెం ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నల్ల రుమాలు కట్టుకుంది. దారి పొడుగునా గావ్రిల ప్రతి నీలం యూనిఫాంకీ కాలు బ్రేకు మీద పెట్టాడు.

గేటు తట్టారు. రబ్బరు బూట్ల చప్పుడు దగ్గరికొచ్చింది. గేటు తీసింది పెట్కో.

స్మరాంద చేతిలో పళ్లెం ఒరిగింది. గావ్రిల పట్టుకున్నాడు. పెట్కో పళ్లెంకేసి, నల్ల రుమాలుకేసి, గేటు మీద కాగితంకేసి చూశాడు.

"మా తాత కోసం తెచ్చారా?" అన్నాడు. "ప్రార్థన ఇవాళేనని మీకెవరు చెప్పారు?"

"తాతా?" అన్నాడు గావ్రిల.

"నలభై ఏళ్లయింది పోయి." పెట్కో ఆ అంకె పక్కనున్న మాట మీద వేలు పెట్టాడు. "ఏళ్లు. నువ్వు రోజులనుకున్నావా? నా పేరే కదా ఉంది. మా దగ్గర మనవడికి తాత పేరు పెడతారు. మధ్య మాట నాన్న పేరు. మా నాన్న స్తోయ్కో, తాత వాళ్ల నాన్న కూడా స్తోయ్కో. అన్నీ కలిస్తే నేనూ మా తాతా ఒకటే. మొహం కూడా ఆయనదే." ఇంత మాట్లాడేసరికి ఆగి గేటు పట్టుకున్నాడు. ఊపిరి అందుకున్నాక నవ్వాడు. "అంటే నా గోధుమలు నాకే తెచ్చారన్నమాట! జివ్కా, స్పూను పట్రా, నా దినం తింటాను."

భార్య జివ్కా తిట్టుకుంటూ స్పూన్లు తెచ్చింది. ద్రాక్ష పందిరి కింద బల్ల వేసి అందరూ తిన్నారు. పెట్కో రెండుసార్లు వడ్డించుకున్నాడు. గావ్రిలకు ప్రాణం లేచొచ్చింది, కానీ ఎంతోసేపు నిలవలేదు. గేటు నుంచి బల్ల దాకా ఆ కాస్త దూరంలో పెట్కో ఎన్నిసార్లు ఆగాడో అతను గమనిస్తూనే ఉన్నాడు. సంతలో గుర్రాన్ని కొనేవాడు చూసినట్టు చూస్తున్నాడు. బల్ల కింద స్మరాంద అతని కాలు తొక్కింది.

"చూడనివ్వమ్మా," అన్నాడు పెట్కో. "నా పేరు మీద పంతొమ్మిది కార్లున్నాయి. వచ్చినవాడల్లా డాక్టరులాగే చూస్తాడు. ఉన్న మాట చెబుతా విను తమ్ముడూ. వచ్చే సోమవారం నా గుండె కోస్తున్నారు. బాగవుతుందంటారు. కాకపోవచ్చు కూడా. కారు నీ పేరు మీదికి మార్చుకోవాలంటే శుక్రవారం నోటరీ దగ్గరికి రా, అమ్మినట్టు సంతకం పెడతాను. పైసా వద్దు. మిగతా వాళ్లకీ ఇదే చెప్పాను."

"ఎంతమంది వస్తామన్నారు?"

"ఇద్దరు. మిగిలినవాళ్లు నా ఆరోగ్యం కోసం కొవ్వొత్తి వెలిగిస్తామన్నారు. చవకైన మార్గం అదే కదా!"

గావ్రిల లెక్క వేసుకున్నాడు. పెట్కో సంతకం పెట్టినా రుమేనియాలో ఆ పన్ను కట్టక తప్పదు. దానికి సరిపోయే డబ్బు ఇంట్లో ఒకే చోట ఉంది: చలికాలపు సరుకు కొనడానికి దాచింది. చెప్పులవాడికి చలికాలమే పంట. పన్ను కడితే సరుకు లేదు. కట్టకుండా పెట్కో బతికితే అన్నీ ఉంటాయి. పెట్కో పోతే కారుండదు, మళ్లీ మూటలకు మనిషి టికెట్లు. గురువారం దాకా ఒక పూట ఇటు, ఒక పూట అటు ఊగాడు.

"ఆయన బతుకుతాడంటావా?" అని భార్యను అడిగాడు.

"నన్నడుగుతావేం? పక్కనే కూర్చుని చూశావు కదా. పళ్లు కూడా చూడకపోయావా!" అంది స్మరాంద. మూట ముడి వేస్తూ, "ఆయన బతకాలని నువ్వు కోరుకుంటుంటే నాకు వినడానికే సిగ్గేస్తోంది గావ్రిలా. మనిషి కోసం కోరుకుంటున్నట్టు లేదు," అంది.

శుక్రవారం గావ్రిల డబ్బు కోటు లోపలి జేబులో పెట్టుకుని బయల్దేరాడు. సిగ్గుతో కాదు, సరుకంతా ఒకే మూటలో కట్టకూడదన్న పాత అలవాటుతోనే వెళ్తున్నానని అనుకున్నాడు. ఏదైతేనేం, బయల్దేరాడు.

నోటరీ గది మేడ మీద. లిఫ్టు లేదు. సగం మెట్లకు పెట్కో గోడకు ఆనుకుని ఆగిపోయాడు. మొహం బూడిద రంగులోకి మారింది, పెదవులు నల్లబడ్డాయి. గావ్రిల అతని చెయ్యి పట్టుకున్నాడు. ఆ చెయ్యి చల్లగా ఉంది. పైన తలుపు కనిపిస్తోంది.

"కిందికి దిగిపోదామన్నా," అన్నాడు. ఆ మాట తన నోటి నుంచే వచ్చిందని గుర్తించడానికి కాస్త సమయం పట్టింది.

"సంతకమో?"

"పోనీ. దిగుదాం పద."

పెట్కో తల అడ్డంగా ఊపాడు. వాళ్ల దగ్గర అలా ఊపితే అవునని. గావ్రిల అతన్ని నెమ్మదిగా కిందికి దించబోయాడు.

"నేను ఊపింది నీ పద్ధతిలో," అన్నాడు పెట్కో పళ్లు బిగించి. "వద్దని. పైకి నడు. ఇప్పుడు దిగితే మళ్లీ ఎక్కలేను."

ఒక్కో మెట్టు దగ్గరా ఆగుతూ ఎక్కారు. పెట్కో కుర్చీలో కూలబడి, నీళ్లు తాగి, సంతకం పెట్టాడు. గావ్రిల కూడా పెట్టాడు.

పెట్కోను ఇంటి దగ్గర దించినప్పుడు జివ్కా కారు వెనక అద్దంలోంచి లోపలికి చూస్తూ నిలబడింది. అందులో మూడేళ్లుగా అమ్ముడుపోని పెద్ద సైజు మగ చెప్పులు ఉన్నాయి. మూట విప్పమంది. పక్కింటి ఆడవాళ్లు కూడా వచ్చారు. "మా ఊళ్లో మగాళ్లవి కాళ్లు కావు, పడవలు," అంటూ ఒకావిడ మూడు జతలు తీసుకుంది. వాళ్ల ఊరి సంత బుధవారమని, అక్కడ ఇలాంటివి దొరకవని చెప్పారు.

సోమవారం పెట్కోకు ఆపరేషన్ జరిగింది. గావ్రిల ఆ రోజు పన్ను ఆఫీసు ముందు వరసలో నిలబడ్డాడు. తన వంతు వచ్చి డబ్బు కిటికీలోంచి తోసేశాక జివ్కాకు ఫోన్ చేశాడు. ముందే చేసి, ఆపరేషన్ బాగా జరిగిందని విని ఉంటే డబ్బు కట్టకుండానే తిరిగొచ్చేవాడినని అతనికి తెలుసు. మనిషి బాగున్నాడని, అప్పుడే సిగరెట్టు అడుగుతున్నాడని జివ్కా అటునుంచి అరిచింది. గావ్రిల ఫోన్ పెట్టేసి, ఆఫీసు అరుగు మీద చాలాసేపు కూర్చున్నాడు.

ఆ చలికాలం కొత్త సరుకు లేదు. అటక మీద మిగిలిపోయిన బేసి సైజులతోనే గడిపారు. వసంతం వచ్చాక లెక్క తేల్చాడు. పోయినవి: పన్ను కింద ఒక చలికాలపు సరుకు, దాని మీద రావాల్సిన లాభం, నోటరీ ఖర్చు, వంతెన సుంకం. పెట్కో బతికాడు కాబట్టి, చెయ్యి ముడుచుకుని కూర్చుని ఉంటే ఇవేవీ పోయేవి కావు. ఆ మాట స్మరాందతో అనలేదు. వచ్చినవి: ఇవాళ అమ్మితే కట్టిన పన్ను కూడా రాని, తన పేరు రాసిన కారు, ఖాళీ అయిన అటక, అవతలి ఒడ్డున బుధవారం సంతలో బల్ల వేసుకోవడానికి ఒక చోటు. కూడికలూ తీసివేతలూ పోగా నగదులో నష్టం, ఒక ఊరు లాభం.