రెండు చలికాలాల పురుగు

"జానెడు లోతు తవ్వితే చాలు," అంది మార్త, పొద్దుటి నుంచీ నలుగుతున్న మాటనే మళ్ళీ ఎత్తుకుని. "పైన నాలుగు ఇటుకలు పేర్చి సున్నం కొడితే అదే సమాధి. పాతిపెట్టడానికి ఆ డబ్బా ఇటివ్వవే."

"ఇవ్వను అత్తయ్యా. బతికున్న మనిషికి సమాధి కడతారా?" చేటలో బియ్యం మీంచి తల ఎత్తలేదు అమలమ్మ.

"బతికుంటే మా అన్న కార్డుముక్కైనా రాసేవాడు కాదూ?" అంది ఆడపడుచు బుల్లెమ్మ. "అయినా అదేం తాళిబొట్టా, అంతలా దాచుకోడానికి? సీతాకోకచిలుక. అదీ చచ్చింది."

ఆ సిగరెట్టు డబ్బా తెచ్చినవాడు మైలవరం చౌడయ్య. యుద్ధం రోజుల్లో అమలమ్మ మొగుడు శౌరయ్యతో పాటు కాశ్మీరు అవతల మిలిటరీ రోడ్లు వేశాడు. కొండ మీది మంచు విరిగి శౌరయ్య మీద పడిందనీ, శవం దొరకలేదనీ చెప్పి, పెళ్ళానికి చూపించాలని శౌరయ్య దాచుకున్న సీతాకోకచిలుకను అమలమ్మ చేతిలో పెట్టాడు. చెట్టన్నది మొలవని చోట బతికేదట. నాచు పట్టిన రాయి రంగు. గాలికి కొట్టుకుపోకుండా రాతికి ఒరిగి ఎండ కాగేదట. ఏడుస్తున్న మనిషిని ఓదార్చడం చేతకాక చౌడయ్య ఇంకో మాట కూడా చెప్పాడు. దీని గొంగళిపురుగు మంచు కింద గడ్డకట్టి పడి ఉంటుందట, చచ్చిందనే అనుకుంటామట, రెండు చలికాలాలు పోయాక లేచి రెక్కలు తొడుక్కుంటుందట. వాళ్ళ డాక్టరు దొర చెప్పాడు.

ఆ మాట అనకపోయినా పోయేది. అమలమ్మ దాన్నే పట్టుకుంది. వేలెడంత లేని పురుగు లేచినప్పుడు ఆరడుగుల మనిషి లేవడా అంది. రెండు చలికాలాలు ఆగండి అంది. నల్లపూసలు తియ్యలేదు.

మార్త మాత్రం ఏటా సమాధుల పండుగకి గుణదల వెళ్ళేది. అందరూ తమ వాళ్ళ సమాధుల మీద బంతిపూలు పరుచుకుంటుంటే, కొడుకు కొవ్వొత్తి ఎక్కడ నిలబెట్టాలో తెలియక, ఎవరి సమాధి దగ్గరో ఓ మూల అడుక్కునేది. కిందటేడు ఆ సమాధి తాలూకు ఆవిడ, "మాది మసిబారిపోతోందమ్మా," అంది.

గుమ్మంలో చుట్ట కాలుస్తున్న మామగారు జక్కయ్య నెమ్మదిగా గొంతు సవరించుకున్నాడు.

"అమ్మాయ్, రెండు చలికాలాలన్నావు. ఆగాం. మూడోది వచ్చేస్తోంది. ఆ పురుక్కైనా ఇంతకన్నా గడువు లేదు కదమ్మా."

అమలమ్మ చేతులు చేటలోనే ఆగిపోయాయి. గడువు పెట్టింది తనే. పొడిగించుకోడానికి ఇంకో కథ లేదు. పైగా, మంచులో చెడనిది బెజవాడ చెమ్మకి కిందటి వానల్లోనే బూజు పట్టి, రెక్క ఊడి డబ్బా అడుగున పడింది. అది చూసి మూత పెట్టేసింది. ఎవరికీ చెప్పలేదు.

అందరూ అన్నాలకి కూర్చున్నాక, చారు వడ్డిస్తూ మామూలు గొంతుతోనే అంది:

"డబ్బా ఇచ్చేస్తాను అత్తయ్యా. రేపు పండుగకి నేనూ గుణదల వస్తాను. అట్నుంచి అటే హనుమాన్ జంక్షన్, మా అమ్మ దగ్గరికి వెళ్ళిపోతాను. ఎదురుచూడ్డానికే ఇన్నాళ్ళూ ఇక్కడున్నాను. మళ్ళీ రాను."