ఇరవై మూడు నిమిషాలు

ఎర్ర లైటు ముందు మనిషి ఎంతసేపు నిలబడగలడు? రెండు నిమిషాలంటే సరే. మూడంటే పోనీ అనుకోవచ్చు. పొద్దున్న ఆరుంపావు వేళ, కనుచూపు మేరలో ఒక్క బండి లేని కూడలిలో, పదకొండు నిమిషాలు ఒక కాలు పెడలు మీదా ఒక కాలు నేల మీదా పెట్టుకుని నిలబడ్డవాణ్ణి ఏమనాలి? ఎముకలాయన్ని అడిగితే చెబుతాడు. కాకపోతే అడిగినవాళ్ళ మీద పడి కరుస్తాడు.

ఆయన ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తాడు. సైకిలు జట్టువాళ్ళు అందుకే ఆ పేరు పెట్టారు. ఇంటినుంచి ఆసుపత్రికి తొమ్మిది కిలోమీటర్లు, ఆరున్నరకి డ్యూటీ. సరిగ్గా ఆరూ ఐదుకి గుమ్మం దాటతాడు. సందు చివర పెద్దరోడ్డు అడ్డం వస్తుంది, అక్కడే ఈ సిగ్నల్. పాత చక్రాలున్న రోజుల్లో ఆగి ముప్పై లెక్కపెట్టేలోపు పచ్చలైటు పడేది. రెండు నెలల క్రితం కొత్త కార్బన్ చక్రాలు కొన్నాడు. ఆ వారంనుంచే సిగ్నల్ మొండికేసింది. వెనకనుంచి ఏ కారో స్కూటరో వచ్చి నిలబడితే పడుతుంది, లేకపోతే లేదు.

దాటేసి పోవచ్చుగా అంటారు. పోకూడదు. మూడేళ్ళ క్రితం ఇదే కూడలిలో ఎర్ర లైటు దాటబోయి, కారు తగిలి, భుజం దగ్గర ఎముక విరగ్గొట్టుకున్నాడు. తన గదిలో, తన బల్ల మీద పడుకుని, తన ఎముకకే ఫోటో తీయించుకున్నాడు. ఆ సాయంత్రం భార్య నెత్తిన చెయ్యి పెట్టి, ఇక చచ్చినా ఎర్ర లైటు దాటనని ఒట్టేశాడు. ఆయనలో ఎన్ని లోపాలున్నా ఒట్టు తప్పే లోపం లేదు.

ట్రాఫిక్ ఆఫీసుకి రెండు ఉత్తరాలు రాశాడు. రెండోదానికి ఒక అధికారి జీపులో వచ్చాడు. జీపు వచ్చి గీత దగ్గర నిలబడగానే పచ్చలైటు పడింది. వెనక్కి వెళ్ళి మళ్ళీ వచ్చాడు, మళ్ళీ పడింది. ఆ అధికారి ఎముకలాయన్ని పైనుంచి కిందికి చూసి, "సార్, రాత్రిళ్ళు నిద్ర సరిగ్గా పడుతోందా?" అని అడిగి వెళ్ళిపోయాడు. పుండు మీద కారం చల్లడమంటే అదీ.

ఆదివారం జట్టంతా ఊరి బయట టీ బంకు దగ్గర ఆగినప్పుడు గోడు వెళ్ళబోసుకున్నాడు. ఆ జట్టుకి పెద్దదిక్కు గ్రాముల గురువు. మంచినీళ్ళ సీసా మూత కూడా తూకం వేసి కొనే రకం. కార్బన్ చక్రాలు కొనిపించింది ఆయనే. "నాలుగు వందల గ్రాములు తగ్గుతావు, గాల్లో తేలిపోతావు," అని నెల రోజులు చెవిలో జోరీగలా పోరుపెట్టాడు.

"ఆలస్యమవుతోందా? అయితే టైర్లు మార్చు బాసూ," అన్నాడు గురువు.

"నేను ఆగి ఉన్నానయ్యా బాబూ. ఆగి ఉన్నవాడికి టైర్లెందుకు?"

"ఆగాక మళ్ళీ లేచేటప్పుడు తేడా తెలుస్తుంది. ఏదీ, నీ కంప్యూటరు చూపించు."

హ్యాండిలు మీది చిన్న కంప్యూటరు చూపించాడు. ఇంటినుంచి ఆసుపత్రికి, ఇరవై మూడు నిమిషాలు. చక్రం ఆగగానే అందులో గడియారమూ ఆగిపోతుంది, చక్రం కదిలాకే కదులుతుంది. అలా పెట్టుకోమని చెప్పిందీ గురువే. సిగ్నళ్ళ దగ్గర వృథా అయ్యే సమయం మన కాళ్ళ తప్పు కాదు కదా అని సిద్ధాంతం.

"ఇరవై మూడు. ఇంతకుముందు ఇరవై నాలుగు. ఇంకేం కావాలి నీకు?" అన్నాడు గురువు. ఎముకలాయనకి కాస్త ఊరట కలిగింది. అదే వచ్చిన చిక్కు. ఆ అంకె చూసినప్పుడల్లా తప్పు లోకానిదనిపిస్తుంది, తనది కాదనిపిస్తుంది.

ఆసుపత్రిలో మాత్రం ఆ అంకె చెల్లలేదు. రాత్రి డ్యూటీ చేసే అమ్మాయి, ఈయన వచ్చేదాకా గది వదిలి కదలడానికి లేదు. రెండు నెలలుగా రోజూ పదినిమిషాలు, పావుగంట, ఒకరోజు ఇరవై నిమిషాలు. ఆ పిల్ల నోరెత్తి ఒక్క మాట అనలేదు. సోమవారం మాత్రం, సంచి భుజాన వేసుకుని గుమ్మం దగ్గర ఆగింది.

"అన్నయ్యా, గురువారం నాకు పరీక్ష. అది ప్యాసైతేనే పగటి డ్యూటీ ఇస్తారు. పోయినేడు జ్వరంతో వెళ్ళలేకపోయాను. ఆరూ ముప్పై ఐదుకి గేటు ముందు బస్సు, అది తప్పితే ఇంక అందదు. ఆ ఒక్కరోజూ మీరు ఆరున్నరకి ఉండాలి."

"ఉంటాను తల్లీ. అసలు నేను ఆలస్యంగా రావట్లేదు, చూడు కావాలంటే." కంప్యూటరు ఊడదీసి చేతికిచ్చాడు. "ఇరవై మూడు నిమిషాలు. ఆరూ ఐదుకి బయల్దేరితే ఆరూ ఇరవై ఎనిమిదికి రావాలా వద్దా?"

ఆ పిల్ల దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "నేను రోజూ ఇక్కడ కూర్చుని ఎదురుచూసేది ఇందులో ఎక్కడుంది అన్నయ్యా?" అంది. వెటకారం కాదు. నిజంగానే వెతికింది.

ఆ మాట రోజంతా గుచ్చుతూనే ఉంది. సాయంత్రం భార్యతో చెబితే ఆవిడ ఒక్క ముక్కలో తేల్చేసింది.

"పదినిమిషాలు ముందు బయల్దేరండి."

"ఎందుకు బయల్దేరాలి? వేగంగా పోయే చక్రాలు కొనుక్కుని, ముందుగా బయల్దేరడమేమిటి? నలుగురూ వింటే నవ్విపోతారు."

"నలుగురూ మీకోసం డ్యూటీలో కూర్చోవట్లేదు. ఆ పిల్ల కూర్చుంటోంది."

మాట చెల్లనప్పుడు మొగుళ్ళు చేసే పనే ఈయనా చేశాడు, లేచి వెళ్ళి సైకిలు తుడుచుకున్నాడు.

మంగళవారం పొద్దున్న మళ్ళీ ఎర్ర లైటు. ఆరు నిమిషాలు గడిచాక వెనకనుంచి కిర్రుకిర్రుమంటూ పేపర్లు వేసే ఆవిడ వచ్చింది. అరవై ఏళ్ళుంటాయి, సైకిలుకి అంతకన్నా ఎక్కువే ఉంటాయి. తుప్పు, ముందు ఇనుప బుట్ట, బుట్టనిండా పేపర్లు. వచ్చి ఈయన పక్కన, రోడ్డు మీద కోసిన సన్నటి గీత మీద ఆగింది. పదిహేను లెక్కపెట్టేలోపు పచ్చలైటు పడింది.

ఎముకలాయన కదల్లేదు. "అమ్మా, ఏం చేశావు?" అన్నాడు.

"నేనేం చేశాను బాబూ. తారు కింద తీగ పాతారు, ఆ గీత దాని గుర్తే. దాని మీద ఇనుమో అల్యూమినియమో నిలబడితే బండి వచ్చిందనుకుంటుంది. నీ చక్రాలేమిటి, అట్టముక్కల్లా ఉన్నాయి? వాటిని అది చూడదు." బయల్దేరబోతూ మళ్ళీ ఆగింది. "ఏ ఇనుప రేకో ఆ గీత మీద పడేసినా చాలు."

ఒళ్ళు మండిపోయింది. ఆసుపత్రి చేరగానే గురువుకి ఫోను చేశాడు.

"కార్బన్ చక్రాలకి సిగ్నల్ పడదని నీకు తెలుసా?"

"ఆ, అది అందరికీ తెలిసిందే కదా బాసూ."

"మరి నాకు చెప్పలేదేం?"

"నువ్వు అడగలేదు. అయినా నేను ఊళ్ళో తొక్కనుగా. సైకిలు కారు మీద కట్టుకుని ఊరు దాటాకే దించుతాను. ఈ రోడ్లలో ఎవడు తొక్కుతాడు?"

ఇదీ వరస. పాత చక్రాలు తీసి పెట్టుకుందామంటే, వాటిని గురువు మేనల్లుడికి తనే ఎప్పుడో ఇచ్చేశాడు. చేసుకున్నవాడికి చేసుకున్నంత.

బుధవారం సాయంత్రం భార్య వంటింట్లోంచి పాత ఇనుప పెనం తెచ్చి బల్ల మీద పెట్టింది. పిడి విరిగిపోతే అటక మీద పడేసిన పెనం. ఎముకలాయన చెయ్యి ఊరుకోదు కదా, తూకం వేశాడు. కిలోంపావు.

"నాలుగు వందల గ్రాములు తగ్గించుకోడానికి చక్రాలు కొని, కిలోంపావు పెనం మోసుకుపోవాలా? ఎవరైనా చూస్తే?"

"ఆ వేళప్పుడు మిమ్మల్ని ఎవరు చూస్తారండీ? సిగ్నలే చూడట్లేదు."

నవ్వు రావలసిన చోట ఆయనకి కోపం వచ్చింది. పెనం అక్కరలేదన్నాడు. పేపర్లావిడ ఎలాగూ వస్తుందన్నాడు. రేపు ఇరవై రెండు నిమిషాల్లో వెళ్ళి చూపిస్తానన్నాడు. ఆవిడ పెనాన్ని చెప్పుల బల్ల మీద, పొద్దున్న కంటబడేలా పెట్టి వెళ్ళింది. గురువారం ఆరూ ఐదుకి దాన్ని చూస్తూనే తలుపు వేసి వెళ్ళాడు.

పేపర్లావిడ రాలేదు. ఎందుకొస్తుంది, ఈయన కొలువులో ఉందా ఏం? రెండు నిమిషాలు. నాలుగు. వెనక ఒక్క బండి లేదు. తారు మీద గీత నల్లగా నోరు మూసుకుని ఉంది. సైకిలు పడుకోబెట్టి చూశాడు, మెడలోని ఆసుపత్రి బిళ్ళ గీత మీద పెట్టి చూశాడు. సిగ్నల్ నిమ్మకు నీరెత్తినట్టు ఎర్రగానే ఉంది. ఒక కాలు గీత దాటించాడు. భార్య నెత్తి వెచ్చగా అరచేతికి తగిలినట్టయి, కాలు వెనక్కి తీసుకున్నాడు.

ఏడో నిమిషంలో, రెండు వందల గజాల అవతల జనం దాటే మెట్ల వంతెన గుర్తొచ్చింది. సైకిలు భుజాన వేసుకుని, పెడలుకి బిగుసుకునే బిళ్ళలున్న సైకిలు బూట్లతో జారుతూ, పట్టుకుంటూ నలభై ఆరు మెట్లు ఎక్కాడు, నలభై ఆరు దిగాడు. మోకాలు ఒకసారి చెక్కుకుపోయింది. అక్కణ్ణుంచి తొక్కిన తొక్కుడు జీవితంలో తొక్కలేదు. వగరుస్తూ ఆసుపత్రి గేటు దగ్గర దూకేసరికి గోడ గడియారంలో ఆరూ ముప్పై తొమ్మిది. గేటు ముందు బస్సు లేదు.

పరుగున గదిలోకి వెళితే, కుర్చీలో ఆ పిల్ల లేదు. వాళ్ళ విభాగం పెద్దాయన ఉన్నాడు. నొప్పి మోకాలు స్టూలు మీద చాపుకుని, నిన్నటి ఫోటోలు చూసుకుంటున్నాడు. ఆయన డ్యూటీ తొమ్మిదింటికి.

"ఆ అమ్మాయేది సార్?"

"బస్సెక్కేసింది. నన్ను సోమవారమే అడిగింది, ఈ ఒక్కరోజు ఆరింటికి రాగలరా అని. మొదటి బస్సుకి వచ్చాను."

ఎముకలాయన గోడకి ఆనుకున్నాడు. సోమవారం. తను ఉంటానని మాటిచ్చిన రోజే, ఆ మాట విన్నాకే, వెళ్ళి అడిగింది.

"నాకు చెప్పలేదేం సార్ మరి?"

"అదే అడిగాను. చెబితే అన్నయ్య బాధపడతాడంది." పెద్దాయన కాలు దించుకుంటూ లేచాడు. "అయినా చెబితే నువ్వేమంటావు? ఇరవై మూడు నిమిషాలంటావు."

ఆయన కుంటుకుంటూ వెళ్ళిపోయాడు. ఎముకలాయన చేతిలో కంప్యూటరు ఒక్కసారి పలికింది. తెర మీద చిన్న కప్పు బొమ్మ వెలిగింది. ఇరవై ఒక్క నిమిషాల నలభై ఏడు సెకన్లు. ఇప్పటిదాకా ఇదే మీ రికార్డు, అభినందనలు.

బయట బల్ల మీద మొదటి రోగి చెయ్యి పట్టుకుని కూర్చుని ఉన్నాడు. అతన్ని ఒక్క నిమిషం ఆగమని చెప్పి ఇంటికి ఫోను చేశాడు.

"వెళ్ళిందా ఆ పిల్ల?" అంది భార్య, ఎత్తుతూనే.

"వెళ్ళింది. నా దయవల్ల కాదు. ఆ పెనం అక్కడే ఉందా?"

"ఉంది."

"సంచిలో పెట్టు."

"పెనం సరే. బయల్దేరేదెప్పుడు?"

"ఆరింటికి పదినిమిషాల ముందు," అన్నాడు ఎముకలాయన. చెంపమీద జారిన తడిని ముంజేతితో తుడుచుకుని, తలుపు తీసి, "రండి బాబూ, ఆలస్యమైంది, ఏమీ అనుకోకండి," అన్నాడు.