ఎంపీగారి చేతివంట

చిన్నకోడలు కూర దించి పొయ్యి తుడుస్తుండగా కెమెరా అతను వంటింట్లోకి వచ్చి, "మీరు కాస్త పక్కకు జరగండమ్మా, ఫ్రేములో పడుతున్నారు" అన్నాడు. తన వంటింట్లో తనే అడ్డమైపోయింది. మసిగుడ్డ చేత్తో పట్టుకుని గుమ్మం అవతలికి జరిగింది.

పెద్దకోడలు ఎంపీ. మొన్న పార్లమెంటులో తాగునీటి మీద ఆమె మాట్లాడిన మాటలు అందరి నోళ్ళలో నానుతుంటే, టీవీవాళ్ళు ఇల్లు వెతుక్కుంటూ వచ్చారు. వచ్చాక వాళ్ళకి నీళ్ళ సంగతి అక్కర్లేకపోయింది. ఎంపీగారు వంట చేస్తూ కనబడాలట. దించిన కూర మళ్ళీ పొయ్యెక్కింది. పెద్దకోడలి చేతికి గరిటె ఇస్తే, మైకు పట్టుకున్నట్టు పట్టుకుంది.

గుమ్మం అవతల చిన్నకోడలు ఆ గరిటె వంకే చూస్తూ నిలబడింది. అసూయే. దానికి ఇంకో పేరు పెట్టి తనని తాను మోసం చేసుకునే అలవాటు ఆమెకి లేదు. ఆ ఇస్త్రీ చీర మీద, ఆ మైకు మీద, "మేడమ్" అన్న ఆ పిలుపు మీద అసూయ. కాలేజీలో వక్తృత్వ పోటీ ఎప్పుడు పెట్టినా మొదటి బహుమతి తనదే. పెద్దకోడలికి నలుగురిలో నోరు విప్పాలంటేనే చెమటలు పట్టేవి. మామగారు పోయాక, ఆడమనిషయితే ఓట్లు పడతాయని, ఆయన సీటుకి కోడళ్ళలో ఒకరిని నిలబెడతామంటూ పార్టీవాళ్ళు వచ్చినప్పుడు తను నోరు తెరిచి మరీ అడిగింది. మొగుడు నవ్వాడు. అత్తగారు నవ్వనైనా నవ్వలేదు. "నువ్వు ఊరేగితే ఇంట్లో వంటెవరు చేస్తారమ్మా? పెద్దదానికి గరిటె పట్టుకోవడం కూడా రాదు, దాన్నే పంపిద్దాం" అంది. వంట రాకపోవడమే అర్హతయింది. నేర్చుకున్న పాపానికి తను పొయ్యి దగ్గర మిగిలిపోయింది.

"ఇంత పనిలోనూ ఇల్లెలా చక్కబెడతారు మేడమ్?" అని యాంకరు అడిగింది. పెద్దకోడలు గుమ్మం వైపు ఒకసారి చూసి, చూపు తిప్పుకుంది.

"అలవాటైపోయిందండీ."

చిన్నకోడలికి ఒళ్ళు భగ్గుమంది. పార్లమెంటు ఎలాగూ పోయింది, చివరికి ఈ కూర కూడా తనది కాకుండా పోయింది. ఇంతలో గిన్నెలోంచి మాడువాసన మొదలైంది. ఒక్క అడుగు వేస్తే పొయ్యి కట్టేయొచ్చు. ఫ్రేములో పడకూడదన్నారు కదా అని అక్కడే నిలబడి, హాయిగా ఆ వాసన పీల్చింది.

సాయంత్రం అందరూ కంచాలు పట్టుకుని టీవీ ముందు చేరారు. తెర మీద పెద్దకోడలు గరిటె తిప్పుతోంది. నీళ్ళ ఊసు ఒక్క ముక్క లేదు. "చూసి నేర్చుకో. దేశాన్ని ఏలుతూ కూడా వదిన వంట మానలేదు" అన్నాడు మొగుడు, పెళ్ళయిన నాటి నుంచి ఎవరి వంట తింటున్నాడో మరిచిపోయి. ఆ వెంటనే ముద్ద నోట్లో పెట్టుకుని మొహం చిట్లించాడు. అత్తగారు కంచం పక్కకు నెట్టింది.

"కూర మాడ్చి తగలేశావేంటమ్మా, ధ్యాసెక్కడుంది?"

చిన్నకోడలు వడ్డించడం ఆపి, తనూ ఒక కంచం పెట్టుకుని వాళ్ళ మధ్య కూర్చుంది.

"టీవీలో కనబడుతున్న కూర ఇదే అత్తయ్యా."

పెద్దకోడలు తలెత్తకుండానే, "నేనే మాడ్చాను" అంది.

"పర్వాలేదులే అక్కా, చేస్తూ ఉంటే అదే వస్తుంది" అంది చిన్నకోడలు, ముద్ద కలుపుకుంటూ. "నీకు వంట వచ్చని లోకమంతా చూసింది. ఇక ఇంటికి లోటేముంది? వచ్చే ఎన్నికల్లో నేను నిలబడతాను."